సొంత పాత్రలు, ఫ్యాన్ ఆర్ట్, కమిషన్లు: హాబీ ఆర్టిస్టులను ఆపేస్తున్న అపోహలు, వాస్తవాలు

పగలు ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక బొమ్మలు. ఏళ్లుగా నా రోజులు ఇలాగే గడుస్తున్నాయి, ఇలాగే గడవాలని నా కోరిక కూడా. నేను ఎక్కువగా గీసేది ఫ్యాంటసీ పాత్రల్ని. కొల్లేరు లాంటి ఒక సరస్సు, దాని అడుగున మునిగిపోయిన ఊరు, ఆ ఊరి మీదుగా తాటి దోనె నడిపే తుంగ అనే అమ్మాయి, ఆమె వెంట తిరిగే దున్నకొంగ అనే జంతువు, ఆ నీళ్లన్నీ ఎండగట్టి ఉప్పు మడులు చేయాలని చూసే, ఒళ్లంతా ఉప్పే అయిన ఉప్పుదొర. ఇలా మనం సొంతంగా కల్పించుకున్న పాత్రల్ని ఈ రంగంలో ఓసీలు అంటాం, అంటే ఒరిజినల్ కేరెక్టర్లు. ఇష్టమైన కథల్లోని వేరేవాళ్ల పాత్రల్ని గీస్తే అది ఫ్యాన్ ఆర్ట్, ఎవరైనా అడిగితే డబ్బు తీసుకుని గీసిస్తే అది కమిషన్.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నాతో మాట్లాడితే ప్రశ్నలకంటే భయాలే ఎక్కువ వినిపిస్తాయి. చాలామంది కల్పించుకున్న పాత్రలు రెండు మూడు బొమ్మలు దాటకుండానే ఆగిపోతాయి. ఒక పాత్ర ఎవరో గీసేవాళ్లకు అర్థం కావాలంటే దాన్ని మళ్లీ మళ్లీ గీయాలి. కోపంలో గీయాలి, నిద్రలో గీయాలి, వానలో తడుస్తుంటే గీయాలి. అంతదాకా వెళ్లకుండా ఆపేసే మాటల గురించే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ఒరిజినల్ అంటే ఎవరూ ఎన్నడూ ఊహించనిది అయ్యుండాలి

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. "నా పాత్రకి రెక్కలున్నాయి, ఇంకెవరిదో పాత్రకి కూడా ఉన్నాయి, ఇక నాది వేస్ట్" అని ఫైల్ డిలీట్ చేసేవాళ్లున్నారు.

మన సాహిత్యాన్నే చూడండి. వరూధినీ ప్రవరుల కథ మార్కండేయ పురాణంలో ఉంది. దాన్ని తీసుకుని అల్లసాని పెద్దన పెంచిన తీరు వల్లే ఇవాళ వరూధిని అనగానే మనకు ఒక మనిషి కనిపిస్తుంది. శశిరేఖ వ్యాస భారతంలో లేదు. అభిమన్యుడికీ బలరాముడి కూతురికీ పెళ్లి అనే కథ జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగింది. 1957లో మాయాబజార్ వచ్చాక ఆమె లేని యాదవుల ఇంటిని మనం ఊహించుకోలేకపోతున్నాం.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ పింగళి సూరన. 16వ శతాబ్దంలో కళాపూర్ణోదయానికి కథను తనే అల్లుకున్నాడు. అయినా ఆ కథను శూన్యంలో పెట్టలేదు. నారదుడు, శ్రీకృష్ణుడు, నలకూబరుడు, రంభ లాంటి అందరికీ తెలిసినవాళ్ల మధ్యకు కలభాషిణి అనే కొత్త అమ్మాయిని తీసుకొచ్చి, ఆమె నలకూబరుడి మీద మనసు పడేలా చేశాడు. తమకిష్టమైన కథాలోకంలోకి సొంత పాత్రను పంపించే ఇప్పటి అభిమానులు చేస్తున్నదీ ఇదే. ఈ పని చేసేవాళ్లెవరైనా "ఇది నిజమైన సృష్టి కాదేమో" అని బెంగపడితే నేను సూరన పేరు చెబుతాను.

రెక్కలు అందరికీ ఉండొచ్చు. ఆ రెక్కలతో మీ పాత్ర ఎక్కడ నిద్రపోతుంది, ఇరుకు తలుపులోంచి ఎలా వెళ్తుంది, ఈక ఊడితే ఎవరికి చెప్పుకుంటుంది అనేవి మీరే తేల్చాలి. కొత్తదనం అక్కడి నుంచి వస్తుంది.

అపోహ: రిఫరెన్స్ చూసి గీస్తే అది కాపీ

రిఫరెన్స్ అంటే గీసేటప్పుడు చూసుకునే ఫొటోనో, బొమ్మో, అసలు ప్రాణో. లేని జంతువును గీయాలంటే ఉన్న జంతువులు బాగా తెలియాలి. విజయనగర కాలం నాటి గుడి స్తంభాల మీద యాళి అనే కల్పిత మృగాన్ని చూడండి. అలాంటి ప్రాణి ఎక్కడా లేదు, కానీ దాని పంజా, మెడ జూలు, తొడ కండ చూస్తే ఆ శిల్పికి నిజమైన జంతువుల ఒళ్లు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. మకరమూ అంతే, గండభేరుండమూ అంతే.

దున్నకొంగకి గేదె ఒళ్లు, కొంగ మెడ. కాగితం మీద రెండూ అతికిస్తే బొమ్మ వచ్చేస్తుంది గానీ ప్రాణం రాదు. కొంగల్ని గమనిస్తూ కూర్చుంటే కొన్ని విషయాలు తెలుస్తాయి. వాటి మెడ ఎముకల అమరిక వల్ల మధ్యలో ఒక చోట కోణంగా వంపు తిరుగుతుంది, పాములా ఒకే తీరుగా వంగదు. ఎగిరేటప్పుడు కొంగ మెడను వెనక్కి మడుచుకుంటుంది. సారస కొక్కెరలు మెడ చాచి ఎగురుతాయి. ఇది తెలిశాక నా జంతువు పరుగెత్తేటప్పుడు మెడ మడవాలని, చేపను పొడిచేటప్పుడు ఒక్కసారిగా చాచాలని నిర్ణయించుకున్నాను. గేదె బురదలో నడుస్తుంటే గిట్టలు విచ్చుకుంటాయి, భుజాలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. ఈ రెండూ కలిశాకే దానికి ఒక నడక వచ్చింది.

ఒకరి ఫొటోనో బొమ్మనో కింద పెట్టి గీతకు గీత ట్రేస్ చేసి మన పేరు వేసుకోవడం మాత్రం వేరే సంగతి. నేర్చుకోవడానికి ట్రేస్ చేసి స్కెచ్‌బుక్‌లో ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. బయట పెట్టేదాంట్లో పది చోట్ల నుంచి చూసింది కలిసి ఉండాలి, నిర్ణయం మీది అయ్యుండాలి.

అపోహ: ఒక మంచి బొమ్మ వేస్తే పాత్ర తయారైనట్టే

చేర్యాల నకాషీ కళాకారుల పటాలు చూసే అవకాశం వస్తే వదులుకోకండి. ఎర్రటి నేల మీద అడ్డపట్టీలుగా కథంతా సాగుతుంది. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెప్పేటప్పుడు ఆ పటాన్ని చూపిస్తూ చెబుతారు. ఒకే పాత్ర బొమ్మ తర్వాత బొమ్మలో వస్తూనే ఉంటుంది కాబట్టి దూరంగా కూర్చున్నవాళ్లు కూడా ఒంటి రంగు, బట్ట, తలపాగా చూసి గుర్తుపట్టాలి. కేరెక్టర్ డిజైన్‌లో మొదటి పాఠం ఇదేనని నా అభిప్రాయం. చందమామలో శంకర్ గారి విక్రమార్కుడూ అంతే. భుజాన శవం, చేతిలో కత్తి, ఆ నడక. నలుపు రంగుతో మొత్తం పూసేసినా ఎవరో చెప్పేయొచ్చు.

మీ పాత్రతో ఇదే పని చేసి చూడండి. బొమ్మంతా ఒకే నలుపుతో నింపి బొటనవేలంత సైజుకు తగ్గించండి. గుర్తుపట్టగలిగితే డిజైన్ నిలబడింది. తర్వాత ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఒక్కో బొమ్మ, నాలుగైదు ముఖ కవళికలు, వాడే రంగులు ఒకే పేజీ మీద పెట్టుకోండి. దీన్నే రిఫరెన్స్ షీట్ అంటాం. ఇది ఉంటే ఆరు నెలల గ్యాప్ వచ్చినా పాత్ర మారిపోదు.

అపోహ: సొంత పాత్రలో మన పోలికలుంటే అది మేరీ స్యూ

ఈ మాట ఇంగ్లీషు ఫ్యాన్‌డమ్ (అభిమానుల లోకం) నుంచి మన పిల్లల దాకా వచ్చింది, ముఖ్యంగా ఆడపిల్లల్ని బాధపెడుతోంది. 1973లో పౌలా స్మిత్ అనే, స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ అభిమాని ఒక ఫ్యాన్ పత్రికలో చిన్న పేరడీ కథ రాశారు. అందులో నాయిక లెఫ్టినెంట్ మేరీ స్యూకి పదిహేనున్నరేళ్లు, అన్నీ వచ్చు, అందరికీ ఆమంటే ప్రేమ. ఆనాటి అభిమానుల కథల్లో అలాంటి నాయికలు తరచుగా కనిపించడం మీద వేసిన చురక అది. రాన్రాను ఆ పేరు ఏ అమ్మాయి ఏ బలమైన పాత్రను రాసినా విసిరే రాయి అయిపోయింది.

మన పోలికలు పాత్రలో ఉండటం తప్పు కాదు, అవి లేకుండా రాయడమే కష్టం. చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ పాత్ర బలానికి ఏదైనా మూల్యం ఉందా? ఉప్పుదొర తాకిన నీరల్లా ఆవిరైపోతుంది, కానీ అతను వానలోకి రాలేడు. అందుకే అతని తల మీద ఎప్పుడూ తాటాకు గొడుగు ఉంటుంది. ఆ గొడుగు పెట్టాకే అతన్ని గీయడం నాకు ఇష్టమైంది.

అపోహ: ఫ్యాన్ ఆర్ట్ చిన్నపిల్లల పని, అసలైన ఆర్ట్ వేరే

జపాన్‌లో 1975 డిసెంబరులో అభిమానులే మొదలుపెట్టిన కామికెట్ అనే సంతలో ఇవాళ్టికీ సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాలు అమ్ముతారు. జపాన్ కామిక్స్ గీసే, దేశదేశాల పాఠకులున్న క్లాంప్ బృందం మొదట ఇలాంటి అభిమాన బృందమే. అభిమానులు రాసిన కథల్ని భద్రపరిచే ఏఓ3 అనే వెబ్‌సైట్‌కి 2019లో, సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. ఈ పేర్లు లేకపోయినా ఫ్యాన్ ఆర్ట్ విలువ తగ్గదు. వేరేవాళ్ల పాత్రను గీస్తున్నప్పుడు పోలిక తేవాలి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం చేయదో తెలియాలి. చేతికీ బుర్రకూ ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

ఇక ఫ్యాన్‌డమ్ అంటే గొడవలేనని, మన పాత్రను బయట పెడితే జనం ఏదో ఒకటి ఊహించి పాడుచేస్తారని ఇంకో భయం. నా అనుభవం వేరు. ఒక పాఠకురాలు ఇలా రాసింది: "ఉప్పుదొర ఏడిస్తే బుగ్గలు కరిగిపోతాయి కదా, అందుకే ఏడుపు మానేసి ఉంటాడు." నాకు ఆ ఆలోచన ఎన్నడూ రాలేదు. ఆమెను అడిగి, అప్పటి నుంచి అతని బుగ్గల మీద రెండు సన్నటి చారికలు గీస్తున్నాను, ఎప్పుడో ఒకసారి ఏడ్చిన గుర్తుగా. ఇద్దరు పాత్రల మధ్య ప్రేమ ఉందని ఊహించుకోవడం, లేదని వాదించడం, వాళ్ల చిన్నతనం అల్లుకోవడం, ఇవన్నీ ప్రేమతో చేసే పనులే. మీకు ఇష్టం లేనివి ఉంటే ముందే చెప్పండి. చాలామంది గౌరవిస్తారు.

అపోహ: ఐప్యాడ్ లేకపోతే డిజిటల్ ఆర్ట్ రాదు

ప్రోక్రియేట్ అనే బొమ్మల యాప్ ఐప్యాడ్‌లో చాలా బాగుంటుంది, నిజమే. కానీ కంప్యూటర్‌లో క్రిటా పూర్తిగా ఉచితం. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ ఉచిత వెర్షన్‌తో వేలితో గీసి అద్భుతాలు చేస్తున్న పిల్లల్ని చూస్తున్నాను. గీత వణికితే యాప్‌లో గీతను నిలకడగా ఉంచే స్టెబిలైజర్ సెట్టింగ్ పెంచుకోండి. ప్రింట్ వేయించే ఉద్దేశం ఉంటే మొదట్లోనే ఏ4కి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) పెట్టుకోండి, అంటే 2480 × 3508 పిక్సెళ్లు. చిన్న కాన్వాస్ మీద గీసి తర్వాత పెద్దది చేస్తే మసకబారుతుంది.

అపోహ: క్రెడిట్ ఇస్తే ఏదైనా వాడుకోవచ్చు, రిజిస్టర్ చేయకపోతే హక్కు లేదు

రెండూ తప్పే. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసినప్పుడే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. ఆర్టిస్టు బతికున్నంత కాలం, చనిపోయిన తర్వాతి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన బొమ్మలకు 2052 చివరి దాకా రక్షణ ఉన్నట్టే. "పాత బొమ్మ కదా" అని టీషర్టుల మీద వేసి అమ్మేవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

రక్షణ బొమ్మకు, కథ చెప్పిన తీరుకు ఉంటుంది. ఊరికే ఆలోచనకు ఉండదు. తన నాటకాన్ని సినిమాగా కాపీ చేశారని ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లో ఈ తేడా స్పష్టంగా చెప్పింది. ఉప్పుతో చేసిన దొర అనే ఊహతో రేపు ఇంకెవరైనా బొమ్మ వేయొచ్చు. నేను గీసిన ఆ ముఖాన్ని, ఆ గొడుగును అలాగే ఎత్తుకెళ్లకూడదు. అలాగే రావణుణ్ణి ఎవరైనా గీయొచ్చు, కానీ ఫలానా సినిమా కోసం తయారు చేసిన కిరీటం, వేషం అచ్చంగా దించి ప్రింట్లు అమ్మాలంటే అనుమతి కావాలి.

అపోహ: కమిషన్ తీసుకుని గీసినా బొమ్మ హక్కు ఆర్టిస్టుదే

హాబీ ఆర్టిస్టుల్లో చాలామందికి తెలియని విషయం ఇది. ఎవరైనా డబ్బిచ్చి చిత్రమో, పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్‌కు మొదటి యజమాని వేయించుకున్నవాళ్లేనని చట్టంలో 17వ సెక్షన్ చెబుతోంది. మీ సొంత పాత్రను ఎవరైనా డబ్బిచ్చి గీయించుకున్నా ఇదే చిక్కు వస్తుంది. అందుకని అడ్వాన్స్ తీసుకునే ముందే మెసేజ్‌లో రాసుకోండి: కాపీరైట్ ఎవరిది, వాళ్లు ఇంట్లో పెట్టుకోవడానికా, వ్యాపారానికా, మీరు మీ పేజీలో పెట్టుకోవచ్చా, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, లేయర్లతో (విడివిడి పొరలతో) ఉన్న ఒరిజినల్ ఫైల్ ఇస్తారా, ఇవ్వరా. వాళ్లు "సరే" అన్న జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పెద్ద మొత్తమైతే సంతకాలతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి.

అసలు కమిషన్లే వద్దనుకుంటే అదీ మంచి నిర్ణయమే. తుంగను, దున్నకొంగను నేను ఇంతవరకు ఎవరి కోసమూ డబ్బుకు గీయలేదు. వాళ్లను ఎప్పుడు గీయాలో, ఎంత నెమ్మదిగా గీయాలో నేనే నిర్ణయించుకుంటున్నాను, అది నాకు చాలా విలువైనది. కమిషన్లకు వేరే పాత్రలు, వేరే ఫోల్డరు పెట్టుకున్నాను.