వైనరీకి వెళ్తే గ్లాసు కంటే ముందు తోట చూడండి

ఆస్ట్రేలియాలో కొన్ని వైనరీల ఎర్ర వైన్‌ని ముక్కు దగ్గర పెట్టుకుంటే నీలగిరి తైలం వాసన వస్తుంది. ఆ నేల గుణమే అంత అని ఎవరైనా చెబితే నమ్మేయడం తేలిక. కానీ ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు తోటలో ఏ వరస ద్రాక్షని ఆ వరసకే విడిగా తీసుకుని కొలిచి చూస్తే తేలిందేమిటంటే, ఆ వాసన యూకలిప్టాల్ అనే పదార్థానిది, అది తోట పక్కనున్న నీలగిరి చెట్ల నుంచి వచ్చింది. చెట్లకి దగ్గరి వరసల్లో ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గాలికి ఎగిరొచ్చిన ఆకులు కోత సమయంలో గుత్తులతో పాటు తొట్టిలో పడితే ఇంకా ఎక్కువ.

ఒక ప్రాంతపు వైన్‌కి ఆ ప్రాంతపు రుచి ఎలా వస్తుందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించలేదు. మనం కంటితో చూడగలిగేవి, చర్మానికి తగిలేవి (నీడ, గాలి, వాలు, తేమ, పక్కనున్న చెట్లు, పులియబెట్టే పాత్ర) వీటిలోనే చాలావరకు జవాబు ఉంటుంది. అందుకే వైనరీకి వెళ్లగానే నేరుగా టేస్టింగ్ బల్ల దగ్గర కూర్చునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. బాటిల్ ఎక్కడైనా దొరుకుతుంది. తోట అక్కడే ఉంటుంది.

వాలు సంగతి చూద్దాం. షిరాజ్ ద్రాక్షతో చేసిన వైన్‌లో కొన్నిసార్లు మిరియాల ఘాటు తగులుతుంది. దానికి కారణం రోటండోన్ అనే పదార్థమని 2008లో ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే బయటపెట్టారు, విశేషం ఏమిటంటే అసలు మిరియాల వాసనకి కారణం కూడా అదే పదార్థం. చల్లటి చోట, ఎండ తక్కువ పడే గుత్తుల్లో అది ఎక్కువగా తయారవుతుంది. ఒకే తోటలో, ఒకే రకం తీగల మీద కూడా, ఎండ వాలు వైపు కాసిన పళ్లలో తక్కువ, నీడ వాలు వైపు పళ్లలో ఎక్కువ ఉండటం గమనించారు. దక్షిణార్ధగోళంలో దక్షిణం వైపు తిరిగిన వాలు చల్లగా ఉంటుంది, ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపుది. కాబట్టి తోటలో నిలబడి సూర్యుడు ఎటు ఉన్నాడో చూసుకుంటే గ్లాసులో ఏం రావచ్చో కొంత ఊహించవచ్చు. ఇంకో సంగతి, సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి రోటండోన్ వాసన అసలు తెలియదు. పక్కనున్నవాళ్లు మిరియాలు, మిరియాలు అంటుంటే మీకేమీ తగలకపోతే టెన్షన్ పడక్కర్లేదు, మీ ముక్కులో ఆ పదార్థాన్ని పట్టే గ్రాహకం తీరు వేరు, అంతే.

క్యాబర్నే సావిన్యోన్ అనే నల్లద్రాక్షతో చేసిన వైన్‌లో వచ్చే పచ్చి క్యాప్సికం వాసన కూడా ఇలాంటిదే. అది మెథాక్సీపిరజీన్లు అనే పదార్థాల పని. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పసిగట్టేస్తుంది. కాయలు పండేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ అది తగ్గిపోతుంది, అందుకే గుత్తుల చుట్టూ ఆకులు ఎంత దట్టంగా ఉంచారు, ఎన్ని తీసేశారు అనేది పెద్ద నిర్ణయం.

మరి నేల? ఇక్కడే వైనరీ గైడ్లు చెప్పే కథల్ని కొంచెం ఆలోచించి వినాలి. ఫ్రాన్స్‌లోని షాబ్లీలో సున్నపురాతి నేలలో కోట్ల ఏళ్ల నాటి చిన్న ఆల్చిప్పల శిలాజాలు నిజంగానే ఉన్నాయి, చేత్తో ఏరుకోవచ్చు. ఆ వైన్‌లో సముద్రపు గవ్వల రుచి ఉందనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఈ రెంటినీ ముడిపెట్టడమే చిక్కు. రాయికి వాసన లేదు, ఎందుకంటే అది ఆవిరై ముక్కుకి చేరదు. తీగ వేళ్లు తీసుకునేది నీళ్లలో కరిగిన పొటాషియం, కాల్షియం లాంటి అయాన్లను మాత్రమే, వైన్‌లో మిగిలే ఆ ఖనిజాలు మన నాలుక గుర్తించేంత మోతాదులో సాధారణంగా ఉండవు. అలాగని నేల ముఖ్యం కాదని నేను అనను. నేల నీళ్లని ఎంత పట్టి ఉంచుతుంది, ఎంత త్వరగా వదిలేస్తుంది, పగటి వేడిని ఎంత దాచుకుంటుంది అన్నదే అసలు సంగతి. ఫ్రాన్స్‌లోనే బోర్దో దగ్గర మెడాక్‌లో గులకరాళ్ల నేల వాన నీటిని చకచకా కిందికి దింపేస్తుంది. నీళ్లు కాస్త కరువైన తీగకి కాయలు చిన్నవి వస్తాయి, చిన్న కాయలో రసం కంటే తొక్క వాటా పెరుగుతుంది, రంగు, వగరు, వాసనల్లో ఎక్కువ భాగం ఆ తొక్కలోనే ఉంటాయి. జర్మనీలో మోసెల్ నది మీద నిటారుగా ఉన్న వాలుల్లో నల్లటి పలకరాళ్లు పగలంతా వేడెక్కి, ఎండ తగ్గాక ఆ వేడిని తీగలకు వదులుతాయి. అంత చల్లటి ప్రాంతంలో రీస్లింగ్ ద్రాక్ష పండటానికి ఆ వేడి చాలా సాయం. వీలైతే ఆ రాయి మీద చెయ్యి పెట్టి చూడండి, ఎన్ని వివరణలు విన్నా రాని స్పష్టత వస్తుంది.

తోటలోంచి లోపలికి వెళ్దాం. కోతల కాలంలో వెళ్తే పులియబెట్టే గది దగ్గర ఒక హెచ్చరిక బోర్డు ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లీటరు రసంలో 200 గ్రాముల చక్కెర ఉందనుకుంటే, ఈస్ట్ దాన్నంతా తినేసరికి 12 శాతం దగ్గర ఆల్కహాల్ తయారవుతుంది, దాంతో పాటు దాదాపు 50 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. లీటరు రసానికే అంత. అది గాలి కంటే బరువైన వాయువు కాబట్టి నేలమాళిగల్లో, ట్యాంకుల అడుగున పేరుకుంటుంది, మనుషులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. గ్యాస్ మీటర్ పెట్టుకుని, తలుపులు తెరిచి పని చేసే వైనరీ అంటే నాకు గౌరవం.

ఆ ట్యాంకు పైనుంచి చూడనిస్తే మాత్రం వదులుకోవద్దు. ఎర్ర వైన్ పులుస్తున్నప్పుడు వాయువు తొక్కలన్నింటినీ పైకి నెట్టేస్తుంది, అవి మందపాటి అట్టలా కట్టుకుంటాయి, రోజుకి కొన్నిసార్లు దాన్ని కిందికి తొక్కడమో, అడుగునున్న రసాన్ని పంపుతో పైకి తెచ్చి దాని మీద పోయడమో చేయాలి. ఎందుకంటే నల్లద్రాక్షలో చాలా రకాలకి లోపలి గుజ్జుకి రంగు ఉండదు, రంగంతా తొక్కలోనే. అట్ట పైనే తేలుతూ ఉండిపోతే రసం పాలిపోయి ఉంటుంది. జార్జియా దేశంలో దీన్ని తెల్ల ద్రాక్షతో కూడా చేస్తారు. నేలలో పాతిపెట్టిన పెద్ద మట్టి బానల్లో, వాటిని క్వెవ్రీలంటారు, తొక్కలతో సహా నెలల తరబడి వదిలేస్తే తేనె రంగు, గట్టి వగరు ఉన్న వైన్ వస్తుంది. యునెస్కో 2013లో ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశంలోనే దొరికిన సుమారు 8 వేల ఏళ్ల నాటి కుండ పెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు ఉన్నాయని 2017లో రసాయన పరీక్షలు చూపించాయి.

ఇక ఈస్ట్. న్యూజీలాండ్ పరిశోధకులు 2015లో ఒక చక్కటి పని చేశారు. ఆ దేశంలోని ఆరు ద్రాక్ష ప్రాంతాల నుంచి సహజంగా దొరికే ఈస్ట్‌లను తెచ్చి, ఒకే సావిన్యోన్ బ్లాంక్ ద్రాక్ష రసాన్ని వాటితో విడివిడిగా పులియబెట్టారు. రసం ఒకటే అయినా, వచ్చిన వైన్లలోని రసాయనాలు ఈస్ట్ ఊరిని బట్టి మారాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. కంటికి కనిపించని జీవులకి కూడా ఊరు ఉంటుందన్న మాట నాకు ఎప్పుడు తలుచుకున్నా సంబరంగా ఉంటుంది.

కంటికి కనిపించే ఈస్ట్ కావాలంటే స్పెయిన్‌లో హెరెస్ ప్రాంతానికి వెళ్లాలి. అక్కడ పలోమినో ద్రాక్షతో చేసిన తెల్ల వైన్‌ని 15 శాతం ఆల్కహాల్‌కి సరిచేసి, పీపాల్లో నిండుగా పోయకుండా ఆరో వంతు ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో, వైన్ పైన, ముడతలు పడిన తెల్లటి పొర పెరుగుతుంది. దాని పేరు ఫ్లోర్. కొన్ని చోట్ల పీపా ఒక చివర చెక్క బదులు అద్దం బిగించి దాన్ని సందర్శకులకి చూపిస్తారు. ఆ పొర పైనుంచి వచ్చే ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది, అందుకే కింద వైన్ ఏళ్లు గడిచినా లేత రంగులోనే ఉంటుంది. అది ఆల్కహాల్‌లో కొంత, గ్లిజరాల్ దాదాపు అంతా తినేసి అసిటాల్డిహైడ్ విడుదల చేస్తుంది, నలిగిన ఆపిల్ లాంటి ఆ వాసన దానిదే. ఆల్కహాల్ 17 శాతం దాటిస్తే పొర బతకదు, వైన్‌కి గాలి తగిలి గోధుమ రంగులోకి మారి ఒలొరోసో అనే వేరే రకం అవుతుంది. హెరెస్‌కి కొద్ది దూరంలోనే, సముద్రం ఒడ్డున సాన్‌లూకర్ ఊరుంది. అదే ద్రాక్ష, అదే పద్ధతి. కానీ అట్లాంటిక్ నుంచి వచ్చే తేమ గాలి వల్ల అక్కడ ఫ్లోర్ ఏడాది పొడవునా మందంగా పెరుగుతుంది, వైన్ ఇంకా తేలిగ్గా, ఇంకా ఘాటుగా తయారవుతుంది. మాన్సానియా అనే పేరు ఆ ఊళ్లో నిల్వచేసిన వైన్‌కే చెల్లుతుంది. ఒకే రోజున రెండు ఊళ్లలో రెండూ రుచి చూస్తే సముద్రపు గాలి చేసే తేడా నోటికే తెలుస్తుంది.

ఇప్పుడు బల్ల దగ్గరికి రావచ్చు. గ్లాసు తిప్పగానే గోడల మీద కన్నీటి చారల్లా దిగే వైన్‌ని చూసి నాణ్యత చెప్పేస్తుంటారు చాలామంది. అది నాణ్యతకి సంబంధించిన విషయం కాదు. గ్లాసు గోడ మీద పల్చగా ఉన్న వైన్‌లోంచి ఆల్కహాల్ ముందు ఆవిరవుతుంది, నీటి శాతం పెరిగి అక్కడ ఉపరితల తన్యత ఎక్కువవుతుంది, అది కింది వైన్‌ని పైకి లాగుతుంది, బరువెక్కాక చారలై జారుతుంది. జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త 1855లోనే దీన్ని వివరించాడు. అరచేత్తో గ్లాసు మూసి కాసేపు ఉంచండి, ఆవిరి ఆగిపోయి చారలు కూడా ఆగిపోతాయి.

వగరు విషయంలో ఒక జాగ్రత్త. పచ్చి జామకాయ కొరికితే నోరు పట్టేసినట్టు అవుతుంది చూడండి, ఎర్ర వైన్‌లో జరిగేదీ అదే. టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దగా చేసేస్తాయి, నోటిలో జారుడు తగ్గి గరుకుదనం తెలుస్తుంది. వరసగా రుచి చూస్తుంటే అది పేరుకుంటూ పోతుంది, అంటే నాలుగో గ్లాసు పాపం తన తప్పు లేకుండానే గరుకుగా అనిపిస్తుంది. మధ్యలో నీళ్లు తాగి, కొన్ని నిమిషాలు ఆగి, లాలాజలం ఊరనివ్వాలి.

మన మెదడు సంగతి ఇంకా పెద్దది. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో బోర్దోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాని వాసనని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. 2008లో మరో బృందం, ఒకే వైన్‌కి ఎక్కువ ధర చెప్పినప్పుడు తాగేవాళ్ల మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా పనిచేయడం స్కానింగ్‌లో చూసింది. వాళ్లు గొప్పకోసం అబద్ధం చెప్పలేదు, వాళ్లకి నిజంగానే బాగుంది. అందమైన తోట, ఆప్యాయంగా మాట్లాడే యజమాని, చల్లటి నేలమాళిగ, ఇవన్నీ గ్లాసులోకి వచ్చి చేరతాయి. అక్కడ అమృతంలా అనిపించిన వైన్ ఇంటికొచ్చాక మామూలుగా ఉంటే, దారిలో పాడైందని అనుకునే ముందు ఈ సంగతి కూడా గుర్తు చేసుకోవాలి.

ఉమ్మేయడానికి సిగ్గుపడొద్దు. బల్ల మీద పెట్టే గిన్నె అందుకే. ఒక్కొక్కటి 50 మిల్లీలీటర్ల చొప్పున 6 రకాలు మింగేస్తే 300 మిల్లీలీటర్లు అవుతుంది, 13 శాతం లెక్కన దాదాపు 31 గ్రాముల అసలు ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్తుంది. వాసన కోసం మింగాల్సిన పనే లేదు, నోట్లో కాస్త తిప్పి ముక్కుతో గాలి వదిలితే చాలు, వాసన నోటి వెనక దారిలో ముక్కుకి చేరుతుంది. ఆల్కహాల్‌ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1988లోనే చేర్చారు, సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉమ్మినా కొంత ఒంట్లోకి పోతుంది కాబట్టి బండి నడిపే మనిషి రుచి జోలికి పోకపోవడమే మంచిది.

వైనరీ వాళ్లని ఒకటి అడిగి చూడండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒకే ద్రాక్షతో, ఒకే ఏడాది, రెండు వేర్వేరు మళ్ల నుంచి చేసిన వైన్లు ఉంటే, మూడు గ్లాసుల్లో పోయమనండి: రెంటిలో ఒకటే వైన్, మూడోదాంట్లో రెండోది. ఏది ఎక్కడుందో మీకు చెప్పకూడదు. వేరేది ఏదో కనిపెట్టాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు సార్లు సరిగ్గానే వస్తుంది కాబట్టి, గ్లాసులు మార్చి మార్చి చాలాసార్లు చేస్తేనే లెక్క. తేడా పట్టుకోగలిగితే ఆ రెండు మళ్ల దగ్గరికి తీసుకెళ్లమని అడగండి, ఏ వాలు, ఏ నీడ, ఎంత నీరు అని యజమానితో కలిసి వెతకండి.