గీత ఎక్కడ వంకర పోతుంది? నియోజకవర్గాలు, డివిజన్ల హద్దుల మీద అపోహలు - వాస్తవాలు

కొత్త సీట్ల ముచ్చట మొదలైతే చాలు, హన్మకొండ చౌరస్తాలోనైనా పరకాల బస్టాండులోనైనా ఒకటే మాట: "పవర్‌లో ఉన్నోళ్లు వాళ్లకు కావల్సినట్టు గీసుకుంటరు." ఈ అనుమానం తప్పు కాదు. కాకపోతే చూడాల్సిన చోటు వేరు. అసెంబ్లీ గీతల మీద పెట్టే ధ్యాసలో పావు వంతు కార్పొరేషన్ డివిజన్ల (వార్డుల) గీతల మీద పెడితే ఎంతో మేలు.

అపోహ: ఎమ్మెల్యేలు, ఎంపీలే నియోజకవర్గాల హద్దులు తేలుస్తారు.

వాస్తవం: అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జరిగేది అదే. అక్కడ శాసనసభే మ్యాపు గీస్తుంది. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం చేసిన మ్యాపులో ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి జీవి ఆకారంలో ఉందని 'గెర్రీమాండర్' అన్న పేరు పుట్టింది. పార్టీ లాభం కోసం గీసిన మ్యాపుల మీద ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పలేవని 2019లో రూచో కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చేసింది.

మన పద్ధతి వేరు. 2002 డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) చట్టం ప్రకారం కమిషన్‌లో ముగ్గురుంటారు: సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నవారో, చేసి రిటైరైనవారో చైర్‌పర్సన్, కేంద్ర ఎన్నికల సంఘం నుంచి ఒకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్. మన 2008 హద్దులు గీసిన కమిషన్‌కు జస్టిస్ కుల్దీప్ సింగ్ చైర్మన్. రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అసోసియేట్ సభ్యులుగా కూర్చుంటారు. వాళ్లు మాట్లాడొచ్చు, తమ అసమ్మతిని ముసాయిదాతో పాటు అచ్చువేయమని కోరొచ్చు. ఓటు మాత్రం లేదు, నిర్ణయం మీద సంతకమూ లేదు. ఒత్తిడి అసలే ఉండదని అనడం లేదు. కలం వాళ్ల చేతిలో ఉండదు, అంతే.

అపోహ: 2008లో ఉమ్మడి వరంగల్ జిల్లాకు పగబట్టి ఒక సీటు కోసేశారు.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 7.62 కోట్లు. 294 అసెంబ్లీ సీట్లతో భాగిస్తే సీటుకు దాదాపు 2,59,200. వరంగల్ జిల్లా జనాభా 32.46 లక్షలు. భాగిస్తే 12.52 వస్తుంది. నల్గొండకు 12.53, మహబూబ్‌నగర్‌కు 13.56. దశాంశం సగానికి (0.5కు) పైన ఉన్న ప్రతి జిల్లాకూ ఒకటి కలుపుతూ పోలేరు, మొత్తం 294 దగ్గరే ఆగాలి. మహబూబ్‌నగర్‌కు 14 వచ్చాయి. వరంగల్, నల్గొండ చెరి 12తో ఆగాయి. అలా మన 13 సీట్లు 12 అయ్యాయి. చేర్యాల, శాయంపేట, చెన్నూరు, హన్మకొండ, వరంగల్ సీట్లు పోయాయి. పాలకుర్తి, భూపాలపల్లి, వరంగల్ పశ్చిమ, తూర్పు వచ్చాయి. 12 సీట్లకు పంచితే సగటున 2.70 లక్షలు, అంటే రాష్ట్ర సగటు కంటే నాలుగు శాతం పైచిలుకు ఎక్కువ. కమిషన్ పెట్టుకున్న హద్దు పది శాతం. హన్మకొండ పేరు పోవడం బాధాకరమే, కానీ దాని వెనుక ఉన్నది భాగహారం.

అపోహ: మ్యాపులో వంకరటింకరగా ఉంటే కుట్ర, చతురస్రంగా ఉంటే న్యాయం.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. 500 మంది ఓటర్లు, నూరేసి మందితో ఐదు వార్డులు అనుకోండి. ఒక పార్టీకి 300, రెండో పార్టీకి 200. రెండో పార్టీ ఉన్న బస్తీలను చీల్చి ప్రతి వార్డులో 40 చొప్పున పడేస్తే ఐదుకు ఐదూ మొదటి పార్టీవే. అదే 200 మందిని మూడు వార్డుల్లో 55 చొప్పున పేర్చి, మిగిలిన 35 మందిని చివరి రెండింట్లో 20, 15గా వదిలేస్తే మూడు వార్డులు రెండో పార్టీకి పోతాయి. ఒక్క ఓటూ మారలేదు. మొదటిది చీల్చడం. రెండో దాంట్లో మొదటి పార్టీ ఓట్లు చివరి రెండు వార్డుల్లో 80, 85గా కుక్కబడి వృథా అయ్యాయి. ఈ రెండూ చక్కటి నాలుగు మూలల వార్డులతోనే చేయొచ్చు. మరోవైపు కాజీపేట-వరంగల్ రైల్వే లైను వెంటో, నాలా వెంటో, భద్రకాళి చెరువు గట్టు వెంటో పోయే గీత వంకరగానే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు.

అపోహ: జిల్లా మారింది కాబట్టి నియోజకవర్గమూ మారింది.

వాస్తవం: మారలేదు. 2016లో జిల్లాలు విడగొట్టినా, 2021లో వరంగల్ అర్బన్, రూరల్ పోయి హన్మకొండ, వరంగల్ జిల్లాలు వచ్చినా అసెంబ్లీ గీతలు 2008వే. అందుకే పరకాల, ఆత్మకూరు హన్మకొండ జిల్లాలో, గీసుగొండ, సంగెం వరంగల్ జిల్లాలో ఉన్నా ఓటు పరకాలకే. శాయంపేట హన్మకొండ జిల్లాలో ఉన్నా ఎమ్మెల్యే భూపాలపల్లి వారే.

అపోహ: రిజర్వుడు సీటును పైవాళ్లు ఇష్టం వచ్చిన చోట పెడతారు.

వాస్తవం: ఎస్టీ సీట్లకు ఒకటే కొలత: వారి జనాభా శాతం అత్యధికంగా ఉన్న చోట్ల. డోర్నకల్, మహబూబాబాద్ 2008లో ఎస్టీ సీట్లు అయ్యింది అలాగే. మహబూబాబాద్ లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సీట్లుంటే నర్సంపేట తప్ప ఆరూ ఎస్టీవే. ఎస్సీ సీట్లకు శాతం ఎక్కువుండటంతో పాటు రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచాలన్న షరతు ఉంది. ఎస్సీ జనాభా ఎక్కువున్న మండలం కూడా ఒక్కోసారి జనరల్‌లో మిగిలేది ఇందుకే.

అపోహ: రాష్ట్ర విభజన చట్టంలో రాశారు కాబట్టి తెలంగాణకు 153 అసెంబ్లీ సీట్లు ఎప్పుడంటే అప్పుడు ఇవ్వొచ్చు.

వాస్తవం: 26వ సెక్షన్‌లో 119ని 153 చేయాలని ఉంది, రాజ్యాంగం 170వ అధికరణకు లోబడి అనీ ఉంది. 2026 తర్వాతి తొలి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్యను ఆపింది ఆ అధికరణే. సీట్లు పెంచమని వేసిన పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అపోహ: కార్పొరేషన్ డివిజన్లనూ డీలిమిటేషన్ కమిషనే గీస్తుంది, ఓటర్లను సమానంగా పంచుతుంది.

వాస్తవం: రెండూ తప్పే. ముసాయిదా మున్సిపల్ ఆఫీసులో తయారవుతుంది, తుది ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వానిది. మధ్యలో జడ్జి ఉండరు. అనుమానం పెట్టుకోవాల్సింది ఇక్కడే. పంచేది ఓటర్లను కాదు, జనాభాను. గ్రేటర్ వరంగల్‌లో 2021 ఎన్నికలకు 66 డివిజన్లు. 2011 లెక్కల ప్రకారం విలీన గ్రామాలతో కలిపి జనాభా 8 లక్షల పైచిలుకు. అంటే డివిజన్‌కు సగటున 12 వేల పైన, పది శాతం అటూ ఇటూ. 2011 తర్వాత లేచిన కాలనీలు ఆ లెక్కలో లేవు గనుక కాగితం మీద సమానమైన రెండు డివిజన్లలో ఓటర్ల జాబితాలు వేలల్లో తేడా పడొచ్చు. అది దానంతట అదే అక్రమం కాదు.

అపోహ: అభ్యంతరం ఇచ్చి లాభం లేదు.

వాస్తవం: "మా కాలనీని విడగొట్టొద్దు" అని వంద సంతకాలతో ఇస్తే నిజంగానే లాభం ఉండదు. అధికారి అడిగేది ఒకటే: ఇక్కడ కలిపితే అక్కడ తగ్గిన జనాభా సంగతేంటి? జవాబు మీ కాగితంలోనే ఉండాలి. జనాభా లెక్కల ఎన్యూమరేషన్ బ్లాకు ఒక్కోదానిలో ఆరేడు వందల మంది ఉంటారు. ఏ నంబరు బ్లాకును ఏ డివిజన్ నుంచి ఏ డివిజన్‌కు మార్చాలో, మార్చకముందు, మార్చాక రెండింటి జనాభా ఎంతో రాయండి. ఉదాహరణకు 13,300 ఉన్న దాని నుంచి మొత్తం 1,300 మంది ఉన్న రెండు బ్లాకులు తీసి 11,200 ఉన్న దాంట్లో కలిపితే 12,000, 12,500 అవుతాయి. కొత్త హద్దు ఏ రోడ్డు, ఏ నాలా వెంట పోతుందో స్కెచ్ జత చేసి, తేదీతో రసీదు తీసుకోండి.

ముసాయిదాలో చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దుల వివరం) చదివేటప్పుడు పక్క డివిజన్ కాగితం కూడా పక్కన పెట్టుకోవాలి. మీ తూర్పు హద్దు వాళ్ల పడమటి హద్దుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తప్పులు ఎక్కువగా ఇంటి నంబర్ల దగ్గరే దొర్లుతాయి. "2-5-100 నుంచి 2-5-180 వరకు" అని రాస్తారు. గల్లీలోకి పోతే 2-5-140 తర్వాత 2-5-310 ఉంటుంది, మధ్యలో బై నంబర్ల అపార్ట్‌మెంట్ ఉంటుంది. ఆ అపార్ట్‌మెంట్ రెండు డివిజన్లలోనూ పడుతుంది, లేదా ఎందులోనూ పడదు. గల్లీ నడిచి నంబర్లు రాసుకున్నవాళ్లకే ఇది దొరుకుతుంది.

అభ్యంతరాల గడువు వారం రోజులే అనుకుని సిద్ధపడండి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. బ్లాకుల వారీ జనాభా, బ్లాకు మ్యాపుల కోసం దరఖాస్తు పెట్టాల్సింది ముసాయిదా వచ్చాక కాదు, ఇప్పుడే.