మే నెలలో శ్రీలంక: ఏ వైపుకు వెళ్ళాలి?

"వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని శ్రీలంక వెళ్దామనుకుంటే ట్రావెల్ ఏజెంటు వద్దంటున్నాడు. మే, జూన్‌లలో అక్కడ అంతా వానలేనట, జనవరిలో వెళ్ళమంటున్నాడు. బడులకు సెలవులిచ్చేది మేలో కదండీ! నిజంగానే ఆ నెలల్లో శ్రీలంక పనికిరాదా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఏజెంటు చెప్పింది సగం నిజం. సగం దీవికి నిజం. కొలంబో, బెంతొట, గాలె, మిరిస్స ఉన్న నైరుతి తీరానికి జూన్‌లో వెళ్తే గది కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాల్సిందే. అదే వారం ట్రింకోమలీ, నిలావెలి, పాసికుడా, అరుగం బే ఉన్న తూర్పు తీరంలో ఎండ కాస్తుంటుంది, సముద్రం చెరువులా ఉంటుంది. కొలంబో నుంచి ట్రింకోమలీకి రోడ్డు మీద 260 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళినంత దూరంలో కాలమే మారిపోతుంది.

రుతుపవనాలు ఎందుకు పుడతాయి, నేల, నీరు వేడెక్కడంలో తేడా ఏమిటి అన్నవి బడి పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి వదిలేస్తున్నాను. మనకు కావలసింది రెండే సంగతులు. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతి నుంచి వీస్తుంది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం నుంచి. దీవి దక్షిణ మధ్య భాగంలో పెద్ద కొండల గుంపు ఉంది, అందులో పిదురుతలాగల శిఖరం ఎత్తు 2,524 మీటర్లు. మన తెలుగు రాష్ట్రాల్లో ఏ కొండా రెండు వేల మీటర్లు కూడా దాటదు. నైరుతి గాలికి ఈ కొండలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. అసలు కథంతా ఈ కొండ ఎక్కి దిగడంలోనే ఉంది. నాకు వాతావరణ శాస్త్రంలో ఇంతకంటే ఇష్టమైన లెక్క లేదు, అందుకని కాస్త తీరిగ్గా చేద్దాం.

ఒక కిలో గాలిని తీసుకోండి. ఘనమీటరుకు కాస్త తక్కువ చోటు పడుతుంది. జూన్‌లో గాలె దగ్గర సముద్రం మీద దాని ఉష్ణోగ్రత 28 డిగ్రీలనుకుందాం. అందులో సుమారు 19 గ్రాముల నీటి ఆవిరి ఉంది. ఆ ఆవిరి ఊరికే రాలేదు. సముద్రంలో ఒక్కో గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,450 జౌళ్ళ వేడి ఖర్చయింది. ఆ వేడి గాలిలో ఉంది కానీ థర్మామీటరుకు కనబడదు. పుస్తకాల్లో దీన్ని గుప్తోష్ణం అంటారు. నన్నడిగితే చీటీ అంటాను. హిందూ మహాసముద్రం మీద ప్రయాణించినన్నాళ్ళూ గాలి వాయిదాలు కడుతూనే ఉంది. చేతిలో సొమ్ము కనబడదు, పుస్తకంలో మాత్రం జమ అవుతుంటుంది.

ఇప్పుడు కొండ వచ్చింది. గాలి పైకెక్కుతుంది. పైన పీడనం తక్కువ, కాబట్టి గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి శక్తి తన దగ్గరున్న వేడిలోంచే తీయాలి, అందుకని చల్లబడుతుంది. మబ్బు పట్టనంతసేపూ ఈ చల్లబడటం కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు. 500 మీటర్ల ఎత్తుకు 23 డిగ్రీలకు దిగుతుంది. అక్కడ ఆవిరి ఇక పట్టదు, మబ్బు కడుతుంది. ఆవిరి నీరవుతుంటే సముద్రం మీద కట్టిన సొమ్ము బయటికొస్తుంది. గాలి చీటీ పాడుకుంది! ఒక గ్రాము ఆవిరి నీరైతే కిలో గాలి దాదాపు రెండున్నర డిగ్రీలు వేడెక్కుతుంది. పైకెక్కుతున్నందుకు చల్లబడటం ఒకపక్క, ఈ వేడి ఒకపక్క, రెండూ పోట్లాడుకుని చివరికి కిలోమీటరుకు 4 డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. మరో 1,500 మీటర్లు ఎక్కితే, అంటే రెండు వేల మీటర్ల ఎత్తున, ఉష్ణోగ్రత 17 డిగ్రీలు. నువర ఎలియ ఊరు దాదాపు అంత ఎత్తులోనే ఉంది. అక్కడ సగటు ఉష్ణోగ్రత 16 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కాగితం మీద లెక్క నేల మీద ఊరితో ఇలా కలిస్తే ఎంత బాగుంటుందో!

అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆవిరిలో మూడున్నర గ్రాముల దాకా వానై పడమటి వాలు మీదే పడిపోయింది. మబ్బు నీటిని గాలి తనతో మోసుకుని అవతలి వైపుకు దిగి ఉంటే, ఆ నీరు మళ్ళీ ఆవిరై, ఎత్తిన సొమ్మంతా వడ్డీ లేకుండా తిరిగి కట్టించుకునేది, లెక్క సరిపోయేది. కానీ నీరు కొండకు ఇవతలే కింద పడింది. అప్పుపత్రం చినిగిపోయింది, సొమ్ము మాత్రం గాలి జేబులోనే ఉంది. కొండ దిగుతుంటే పీడనం పెరిగి గాలి నొక్కుకుపోతుంది, వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే కింద గొట్టం కాలినట్టుండేది ఇందుకే. మబ్బు లేదు కాబట్టి ఈసారి కిలోమీటరుకు పూర్తి 10 డిగ్రీలు. రెండు వేల మీటర్లు దిగితే 17 కాస్తా 37 అవుతుంది. 28 డిగ్రీలతో గాలె దగ్గర ఎక్కిన గాలి బట్టికలోవా వైపు 37తో దిగింది. ఆవిరి తగ్గింది, వేడి పెరిగింది, ఇక మబ్బు పట్టే ప్రసక్తే లేదు.

ఈ వేడిగాలిని తూర్పు తీరం తమిళులు కచ్చాన్ అంటారు. జూన్, జూలైలలో ట్రింకోమలీలో పగటి ఉష్ణోగ్రత 34, 35 డిగ్రీల దాకా పోతుంది, కొలంబోలో 30 దగ్గర ఆగుతుంది. లెక్కలో 37 వచ్చి నిజానికి 35 ఎందుకంటే, దారిలో గాలి ఇతర గాలులతో కలుస్తుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా ఎదురొస్తుంది.

పాఠం చెప్పేవాళ్ళ గురించి ఒక్క మాట. "కొండలు మేఘాలను అడ్డుకుంటాయి, అందుకే అవతల వాన పడదు" అని చెప్పి వర్షచ్ఛాయ ప్రాంతం బొమ్మ గీయించేస్తారు. మేఘం గోడకు కొట్టిన బంతి కాదు, ఆగిపోవడానికి. గాలి అవతలికి చక్కగా వెళ్తుంది, దిగుతూ వేడెక్కి మబ్బును తినేస్తుంది. అనంతపురం పిల్లలకు ఈ పాఠం "దిగే గాలి" దగ్గర మొదలుపెడితే, తమ ఊళ్ళో మబ్బులు ఎందుకు మురిపించి వెళ్ళిపోతాయో ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

వాన వైపును, ఎండ వైపును విడదీసే గీత ఎక్కడుందో కళ్ళతో చూడాలంటే కాండీ నుంచి బదుల్ల వెళ్ళే రైలెక్కాలి. పట్టిపొల స్టేషను 1,891 మీటర్ల ఎత్తున ఉంది. అది దాటి ఒహియ వైపు వెళ్తుంటే శిఖరం కింద సొరంగం వస్తుంది. నైరుతి కాలంలో రైలు ఇటు మంచులో, తుంపరలో దూరి అటు ఎండలోకి తేలడం అక్కడివాళ్ళకు మామూలే. టీ వ్యాపారులకైతే ఈ గీత డబ్బుల్లోనే తెలుస్తుంది. తూర్పు వాలున ఉన్న ఊవా తోటల్లో మేలురకం ఆకు జూలై నుంచి సెప్టెంబరు దాకా వస్తుంది, పొడిగాలికి చిగురు నెమ్మదిగా పెరిగి వాసన పట్టే రోజులవి. పడమటి వాలున ఉన్న దింబుల తోటలకు ఆ రోజులు జనవరి నుంచి మార్చి దాకా. గాలి దిశ మారగానే మంచి టీ కూడా కొండకు ఈ పక్క నుంచి ఆ పక్కకు మారుతుంది.

చీటీ లెక్క ఎంత ముచ్చటగా ఉన్నా ఒక చిక్కుంది. గాలి కొండను నిజంగా ఎక్కుతుందా? కొంత పైకి నెట్టిన గాలి ముద్ద చుట్టుపక్కల గాలి కంటే బరువై కిందికి జారుతుంది, మళ్ళీ పైకి లేస్తుంది, సుమారు పది నిమిషాలకోసారి ఊగుతుంటుంది. ఆ ఊగే పౌనఃపున్యం సెకనుకు 0.01 రేడియన్లు (ఒక పూర్తి ఊపు అంటే సుమారు 6.28 రేడియన్లు). గాలి వేగం సెకనుకు 10 మీటర్లు, కొండ 2,000 మీటర్లు. వేగాన్ని మిగతా రెండింటి లబ్ధంతో భాగిస్తే 0.5 వస్తుంది. దీన్ని ఫ్రూడ్ సంఖ్య అంటారు. ఇది ఒకటి కంటే తక్కువైతే కింది పొర గాలికి కొండెక్కే ఊపు లేనట్టే, అది పక్కల నుంచి చుట్టుకుపోతుంది. మబ్బు కట్టిన చోట గుప్తోష్ణం సాయం పట్టి ఎక్కడం కొంత తేలికవుతుంది కాబట్టి ఈ సంఖ్యను మరీ అక్షరాలా తీసుకోకూడదు. అయినా సంగతి నిజమే. తూర్పు వైపు దిగే గాలిలో కొంత అసలు సముద్రం మీది గాలే కాదు, మొదటినుంచీ పైనే ఉన్న పొడిగాలి. అదీ దిగుతూ వేడెక్కుతుంది. ఫలితం ఒకటే, చీటీ కట్టిన వాళ్ళు మాత్రం వేరు.

పక్కల నుంచి చుట్టుకుపోయే గాలి సంగతీ చెప్పాలి. వాయవ్యాన కల్పిటియ, మన్నార్ ఉన్నవి పడమటి తీరంలోనే, అయినా కొండల వాటం దాటి ఉండటంతో నైరుతి కాలంలో అక్కడ వాన తక్కువ, గాలి మాత్రం విపరీతం. గాలిపటాలు కట్టుకుని నీటి మీద ఆడే కైట్ సర్ఫర్లు సరిగ్గా మే నుంచి కల్పిటియలో దిగుతారు. మన్నార్‌లో గాలిమరలు పెట్టిందీ అందుకే.

ఇక సముద్రం. అలల పెద్దరికం గాలి వేగం మీదే కాదు, గాలి నీటి మీద ఎంత దూరం పరిగెత్తిందన్నదాని మీదా ఆధారపడుతుంది. గాలె దగ్గరికొచ్చే గాలి వేల కిలోమీటర్లు నీటి మీదే పరిగెత్తింది. నిలావెలి దగ్గర గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వెళ్తుంది, దాని పరుగు ఒడ్డున సున్నా దగ్గర మొదలవుతుంది. అందుకే పావురాల దీవి చుట్టూ నీళ్ళు తేటగా ఉండి పగడాలు కనబడతాయి. పూర్వం పడమటి తీరాన నీర్కొళంబు (నెగొంబో) వైపు జాలర్లు ఈ నెలల్లో తూర్పు తీరానికి వలసవెళ్ళి గుడిసెలు వేసుకుని చేపలు పట్టేవాళ్ళు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నీరు నిమ్మళంగా ఉందని గాలి నింపిన ట్యూబుల మీద, బొమ్మ పడవల మీద పిల్లల్ని వదలకండి. నేల నుంచి వీచే గాలి వాటిని చూస్తుండగానే లోపలికి తోసేస్తుంది.

సోమవారం, శనివారం తూర్పుకు ప్రయాణం కట్టొద్దని వారశూల చూసేవాళ్ళు మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. దిక్కు చూడటం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. శ్రీలంకలో తూర్పుకు అసలైన శూల సోమవారం కాదు, నవంబరు, డిసెంబరు. మొదట గాలి మారే రోజుల ఉరుముల వానలు, ఆపై నేరుగా వచ్చి తాకే ఈశాన్య గాలి, రెండూ కలిసి ట్రింకోమలీ ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి జనవరి లోపలే పడుతుంది. అప్పుడు కొండకు గాలి మరుగు వైపు నైరుతి తీరం. ఏజెంటు జనవరి అన్నది ఈ లెక్కతోనే. మిరిస్సలో తిమింగలాలను చూపించే పడవలు కూడా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకానే జోరుగా తిరుగుతాయి.

ఏ వైపూ మరుగు లేని కాలం ఒకటుంది, అది మన దసరా సెలవుల మీదే వచ్చిపడుతుంది. అక్టోబరు, నవంబరులలో గాలికి స్థిరమైన దిక్కంటూ ఉండదు. దిక్కు లేకపోతే మరుగు ఎక్కడిది? మధ్యాహ్నం దాటితే ఎక్కడైనా ఉరుములతో కుంభవృష్టి పడొచ్చు. పైగా బంగాళాఖాతంలో తుపానుల కాలం. 1978 నవంబరులో బట్టికలోవాను తుడిచిపెట్టిన తుపాను ఈ రోజుల్లోనే వచ్చింది. మే మొదటి పక్షం కూడా ఇలాంటి సంధికాలమే, కాకపోతే తూర్పు తీరానికి బెడద తక్కువ. 2016 మేలో అరనాయక దగ్గర కొండచరియ విరిగి ఊళ్ళను కప్పేసింది. దానికి కారణమైన రోను తుపాను ఆ తర్వాత మన కోస్తా పక్కగానే బంగ్లాదేశ్ వెళ్ళింది. కాబట్టి ఆ పాఠకురాలికి నా సలహా, జూన్ మొదటి వారం, తూర్పు తీరం, కొండల్లో పడమటి వాలు ఊళ్ళు వద్దు.

మిగతా దీవుల సంగతి క్లుప్తంగా. హవాయిలో ఈశాన్య వ్యాపార పవనాలు దాదాపు ఏడాదంతా ఒకే దిక్కు నుంచి వీస్తాయి కాబట్టి నెలతో కంటే వైపుతోనే పని. కవాయ్ దీవిలో వయలేలే శిఖరం మీద ఏడాదికి 10 మీటర్ల దాకా వాన, పాతిక కిలోమీటర్ల దూరంలో నైరుతి ఒడ్డున అర మీటరు. మాల్దీవుల్లో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ మనిషి ఎత్తుకు మించిన నేలే దొరకడం కష్టం, కాబట్టి మరుగు వైపు అనేదే లేదు, నెలనే చూసుకోవాలి. అక్కడి జాలర్లు ఏడాదిని 27 నక్షత్రాల పేరుతో పదమూడు, పద్నాలుగు రోజుల ముక్కలు చేసుకుని గాలిని అంచనా వేసేవాళ్ళు, అచ్చం మన రైతుల కార్తెల్లాగే. దీన్ని జ్యోతిషం అని కొట్టిపారేయక్కర్లేదు. కార్తె సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది, వాతావరణమూ అంతే. తిథుల లెక్క అలా కాదు, ఏడాదికేడాదికీ జరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా మాల్దీవుల్లో నీలాకాశం. కానీ మాంటా చేపల మందల్ని చూడాలనుకునేవాళ్ళు వానాకాలంలోనే వెళ్తారు. నైరుతి కాలపు ప్రవాహాలు బా అటోల్ అనే పగడపు దీవుల వలయంలోని హనిఫారు బేలో వాటి మేతను పోగుచేస్తాయి.

విశాఖ నుంచి ఓడలో వెళ్ళే అండమాన్ ఈ రెండింటికీ మధ్యస్తం. అన్నిటికన్నా ఎత్తయిన శాడిల్ పీక్ 732 మీటర్లే, ఊవా లాంటి పొడి వాలు ఏర్పడటానికి అది చాలదు. మే 20 ప్రాంతంలో నైరుతి పవనాలు కేరళ కంటే ముందే అక్కడికి చేరతాయి, వాన రెండు పక్కలా పడుతుంది. అయితే అలల నుంచి కాచుకోవడానికి అంత ఎత్తు అవసరం లేదు, అడ్డంగా నేల ఉంటే చాలు. అందుకే స్వరాజ్ ద్వీపంలో (పాత పేరు హావ్‌లాక్) పడమటికి తిరిగిన రాధానగర్ బీచ్‌లో జూన్‌లో అలలు ఉవ్వెత్తున లేస్తుంటే, తూర్పున కాలాపత్థర్ దగ్గర నీళ్ళు నిదానంగా ఉంటాయి. ఈశాన్య గాలి తిరిగాక ఇది తారుమారవుతుంది. రాధానగర్‌లో ఈదాలనుకుంటే సంక్రాంతి సెలవులు చూసుకోండి.