బిడ్డ బ్లడ్ గ్రూప్ అమ్మానాన్నలతో కలవనప్పుడు: ఒక నియమం వెనకున్న చరిత్ర

తండ్రిది ఎబి, తల్లిది ఓ. బిడ్డ రిపోర్టులో ఎ అని వచ్చింది. ఇద్దరిలో ఎవరిదీ కాని గ్రూప్ ఎక్కడి నుంచి వచ్చిందని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఆ దంపతుల పిల్లలకు ఎ గానీ బి గానీ రావాలి. అచ్చం తండ్రిలా ఎబి గానీ, తల్లిలా ఓ గానీ వస్తేనే ఆశ్చర్యపోవాలి. పిల్లల గ్రూప్ అమ్మదో నాన్నదో అయి తీరాలన్న నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, నియమం ప్రకారమే వచ్చిన రిపోర్టు కూడా అనుమానానికి కారణమవుతోంది. ఆ అనుమానం మోయాల్సి వచ్చేది ఎప్పుడూ తల్లే. అందుకే ఈ నియమం ఎలా పుట్టిందో, ఎంతవరకు పనికొస్తుందో వివరంగా చెప్పుకోవాలి.

1900 ప్రాంతంలో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ, తోటి ఉద్యోగుల రక్తాన్నీ తీసుకుని, ఒకరి సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవంలో) మరొకరి ఎర్ర కణాలు కలిపి చూశాడు. కొన్ని జతల్లో కణాలు ముద్దలుగా అతుక్కున్నాయి, కొన్నిటిలో ఏమీ కాలేదు. దాన్నిబట్టి 1901లో మూడు రకాల రక్తం ఉందని ప్రకటించాడు. నాలుగోదైన ఎబి మరుసటి ఏడాది డెకాస్టెలో, స్టర్లీల పరిశీలనలో బయటపడింది. లక్షణాలు తరతరాలకూ ఎలా చేరతాయో బఠానీ మొక్కల మీద మెండెల్ చేసిన పని, దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోనిది, మళ్లీ వెలుగులోకి వచ్చింది కూడా 1900లోనే. ఈ రెండింటినీ కలిపి చూడటానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఆ పని జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగింది. ఎమిల్ ఫాన్ డుంగర్న్, లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్ అక్కడి 72 కుటుంబాల్లో 348 మంది రక్తం పరీక్షించి, బ్లడ్ గ్రూప్ వంశపారంపర్యంగా వస్తుందని 1910లో చెప్పారు. తల్లిలోనూ తండ్రిలోనూ లేని ఎ గానీ బి గానీ బిడ్డలో కనిపించదు. బిడ్డలో ఉందంటే ఇద్దరిలో ఒకరిలోనైనా ఉండాలి. ఇవాళ్టికీ అసలు నియమం ఇదే. గమనిస్తే, ఇది బిడ్డ గ్రూప్ ఎవరిదో ఒకరిది కావాలని చెప్పడం లేదు. ఎ, బి అనే గుర్తులు ఎక్కడి నుంచి రావాలో మాత్రమే చెబుతోంది.

అయితే వాళ్లు ఒక చోట పొరబడ్డారు. ఎ, బి లకు వేర్వేరు జన్యువులు ఉన్నాయనీ, ఒకదానితో ఒకదానికి సంబంధం లేకుండా పిల్లలకు చేరతాయనీ అనుకున్నారు. ఈ లెక్కన ఎబి తల్లికో తండ్రికో ఓ గ్రూప్ బిడ్డ పుట్టవచ్చు. దీన్ని సరిదిద్దినవాడు డాక్టరు కూడా కాదు, గొటింగెన్‌లో గణితం చెప్పే ఫెలిక్స్ బెర్న్‌స్టైన్. ఆయన చేతికి ఒక అరుదైన సమాచారం దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో హిర్ష్‌ఫెల్డ్, ఆయన భార్య హన్నా కలిసి గ్రీస్‌లోని సలోనికాలో అనేక దేశాల సైనికుల, పౌరుల రక్తం పరీక్షించారు. ఏ జనంలో ఏ గ్రూప్ ఎంత ఉందో 1919లో ప్రచురించారు. బెర్న్‌స్టైన్ ఆ అంకెలను పాత సిద్ధాంతంతో సరిచూశాడు.

ఆయన తర్కం చూడముచ్చటగా ఉంటుంది. ఉదాహరణకు, ఒక జనంలో నూటికి 40 మంది రక్తంలో ఎ ఉందనుకుందాం, 30 మందిలో బి ఉందనుకుందాం. ఎబి వాళ్లను రెండింటిలోనూ లెక్కపెట్టాం. రెండు జన్యువులూ వేర్వేరైతే ఆ 40 మందిలో కూడా 30 శాతానికి బి ఉండాలి. అంటే ఎబి వాళ్లు నూటికి 12 మంది. అలా కాక జన్యువు ఒక్కటే అయి, దానికి ఎ, బి, ఓ అని మూడు రూపాలుండి, ప్రతి మనిషిలో రెండేసి మాత్రమే ఉంటే, లెక్క సుమారు 7కి దిగుతుంది. అసలు జనాభాల్లో ఎబి వాళ్లు పాత సిద్ధాంతం చెప్పినదానికన్నా ఎప్పుడూ తక్కువే ఉన్నారు. అంకెలన్నీ మూడు రూపాల లెక్కకే సరిపోయాయి. 1924లో బెర్న్‌స్టైన్ ఈ సంగతి బయటపెట్టాడు. సూదీ గాజుగొట్టం ముట్టుకోకుండా, కాగితం మీద లెక్కతో ఒక జన్యువు తీరును తేల్చడం ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చే ఘట్టం.

మనకు తెలిసిన నియమాలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. ప్రతి ఒక్కరిలో రెండు జన్యు ప్రతులుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఓ ప్రతి పక్కన ఎ ఉంటే పరీక్షలో ఎ గానే కనిపిస్తుంది. రిపోర్టులో ఎ అని ఉన్న మనిషి లోపల ఓ మోస్తూ ఉండొచ్చు, ఆ సంగతి ఆ రిపోర్టు చెప్పదు. అందుకే ఎ తండ్రికీ ఎ తల్లికీ ఓ బిడ్డ పుట్టడంలో వింతేమీ లేదు. ఇద్దరూ చెరో ఓ దాచుకుని ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకరు ఎ, ఒకరు బి అయి, ఇద్దరిలోనూ ఓ దాగి ఉంటే నాలుగు గ్రూపుల్లో ఏదైనా రావొచ్చు. ఇద్దరూ ఓ అయితే మాత్రం పిల్లలందరూ ఓ. పాజిటివ్, నెగటివ్ విషయమూ అంతే. ఇద్దరూ పాజిటివ్ అయినా నెగటివ్ బిడ్డ పుట్టొచ్చు.

1920ల మధ్యకల్లా జర్మనీలో కోర్టులు పితృత్వ వివాదాల్లో బ్లడ్ గ్రూపులను సాక్ష్యంగా తీసుకోవడం మొదలుపెట్టాయి. వైద్యులు మాత్రం ఒక హద్దు గీశారు. ఈ పరీక్ష 'ఇతను తండ్రి కాడు' అని కొన్ని సందర్భాల్లో చెప్పగలదు. 'ఇతనే తండ్రి' అని ఎన్నటికీ చెప్పలేదు, ఎందుకంటే అదే గ్రూప్ ఉన్న మగవాళ్లు ఊరంతా ఉంటారు. గ్రూప్ కలిసిందన్న నిశ్చింతకు గానీ, కలవలేదన్న నిందకు గానీ మామూలు రిపోర్టులో అంత బలం లేదు.

ఆ హద్దును కోర్టులు కూడా తేలిగ్గా జీర్ణించుకోలేదు. నటుడు చార్లీ చాప్లిన్ మీద 1943లో కాలిఫోర్నియాలో ఒక యువతి పితృత్వ దావా వేసింది. పరీక్షల్లో ఆయనది ఓ, తల్లిది ఎ, బిడ్డది బి అని తేలింది. ఆ బి తల్లి నుంచి రాలేదు, చాప్లిన్ నుంచీ రాలేదు. అయినా 1945లో జ్యూరీ ఆయనే తండ్రి అని తీర్పిచ్చింది. అప్పటి అక్కడి చట్టం ప్రకారం రక్త పరీక్ష తిరుగులేని సాక్ష్యం కాదు. 1953లో కాలిఫోర్నియా చట్టం మార్చింది.

ఈలోగా ఆర్‌హెచ్ కథ మొదలైంది, అంటే గ్రూప్ పక్కన రాసే పాజిటివ్, నెగటివ్‌ల కథ. 1939లో ఫిలిప్ లెవీన్, రూఫస్ స్టెట్సన్ ఒక స్త్రీ కేసును వివరించారు. ఆమెకు మృత శిశువు పుట్టింది. ఆ తర్వాత భర్త రక్తమే ఎక్కిస్తే తీవ్రంగా వికటించింది, ఇద్దరిదీ ఓ గ్రూపే అయినా. బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన ఏదో గుర్తు మీద తల్లి శరీరం యుద్ధానికి దిగిందని వాళ్లు ఊహించారు. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ ఆర్‌హెచ్ గురించి ప్రకటించాక ఆ ఊహ బలపడింది. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ అన్నది ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే విషయం. దీన్ని అడ్డుకునే యాంటీ-డి ఇంజెక్షన్ 1968లో వాడకంలోకి వచ్చింది. బ్లడ్ గ్రూప్ వారసత్వం గురించి ఇంట్లో మాట్లాడుకోవాల్సి వస్తే, ముందు మాట్లాడుకోవాల్సింది ఇదే.

మళ్లీ అసలు విషయానికి వద్దాం. ఇద్దరూ ఓ, బిడ్డ బి అని వచ్చిందనుకుందాం. అప్పుడైనా తీర్పు చెప్పేయవచ్చా? 1952లో ముంబైలో భెండే, సహచరులు ప్రచురించిన పరిశీలన ఇక్కడే అడ్డు నిలుస్తుంది. ఎ, బి గుర్తులు రెండూ హెచ్ అనే ఒక పదార్థం మీద చక్కెర అణువులు అతకడం వల్ల ఏర్పడతాయి. గోడకు పునాదిలా హెచ్ ముందుండాలి. కొద్దిమందిలో తల్లిదండ్రులిద్దరి నుంచీ పనిచేయని హెచ్ జన్యువులే వస్తాయి. వాళ్లలో బి జన్యువు ఉన్నా అది బయటపడదు, మామూలు పరీక్షలో ఓ అనే వస్తుంది. వాళ్ల బిడ్డకు రెండోవారి నుంచి మంచి హెచ్ అందితే, దాగి ఉన్న బి కనిపిస్తుంది. దీన్నే బాంబే గ్రూప్ అంటారు. ఇలాంటి వారికి మామూలు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. కాబట్టి 'కలవని' రిపోర్టు ఆ మనిషి ప్రాణం కాపాడే ఆధారం కూడా కావొచ్చు.

ఎబి తల్లికి ఓ బిడ్డ పుట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఎ, బి రెండు లక్షణాలూ ఒకే ప్రతిలో కలిసి ఉండే సిస్-ఎబి అనే అరుదైన రూపం వల్ల అది జరుగుతుంది. 1990లో ఫుమిఇచిరో యమమోటో బృందం ఎబిఓ జన్యువును నేరుగా చదివాక లోపలి తేడాలు స్పష్టంగా తెలిశాయి. ఆ చక్కెర అణువులను అతికించే ఎ, బి ఎంజైములకు మధ్య తేడా నాలుగే నాలుగు అమైనో ఆమ్లాలు. ఓ రకాల్లో చాలావాటికి కారణం డీఎన్ఏలో ఒక్క అక్షరం జారిపోవడం.

ఈ అరుదైన కారణాల దాకా వెళ్లకముందు చూడాల్సింది ఇంకా మామూలు విషయం, రిపోర్టే తప్పు కావడం. శాంపిళ్లు మారిపోతాయి, పాత కార్డు మీద పొరపాటున రాసిన గ్రూపే ఏళ్ల తరబడి నిజంగా చెలామణీ అవుతుంది. పైగా అప్పుడే పుట్టిన బిడ్డ కణాల మీద ఎ, బి గుర్తులు బలహీనంగా ఉంటాయి. పెద్దవాళ్ల రక్తంలో కణాల ఫలితాన్ని సీరంలోని యాంటీబాడీలతో మరోసారి సరిచూస్తారు. పసిబిడ్డ రక్తంలో సొంత యాంటీబాడీలు మొదటి కొన్ని నెలలు సరిగా తయారవవు కాబట్టి ఆ వీలుండదు. పుట్టినప్పటి రిపోర్టులో తేడా కనిపిస్తే ముగ్గురికీ మళ్లీ పరీక్ష చేయించాలి. బిడ్డ కాస్త పెద్దయ్యాక ఇంకోసారి చేయిస్తే ఇంకా మంచిది. అప్పటికీ తేడా అలాగే ఉంటే, ఓ అని వచ్చినవారికి హెచ్ పరీక్ష చేయమని బ్లడ్ బ్యాంకు వాళ్లను అడగాలి.