ఇంట్లో చేసుకునే ఆడియో కేబుళ్లు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో సౌండ్ సిస్టమ్‌లు బిగించడం, రిపేరు చేయడం నా పని. "అన్నా, ఖరీదైన కేబుల్ వేస్తే సౌండ్ మారిపోతుందంట కదా?" అని అడగని వారం ఉండదు. కష్టపడి సంపాదించిన డబ్బు తీసుకుపోయి వైరులో పోస్తుంటే చూడలేక ఇది రాస్తున్నాను. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఉంటే మంచి కేబుల్ ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు.

అపోహ: స్పీకర్‌కి ప్రత్యేకమైన ఆడియో కేబులే కావాలి.
వాస్తవం: స్పీకర్ వైరుకు కావాల్సింది తగినంత రాగి, అంతే. వైరు రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్స్‌లో కొలుస్తారు) స్పీకర్ ఓమ్స్‌లో 5 శాతం దాటకపోతే చాలు. 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు, వైరు మందం కొలత) మల్టీస్ట్రాండ్, అంటే సన్న పోగులున్న రాగి వైరు కిలోమీటరుకు 13.3 ఓమ్స్ దాటదు. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ 5 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 10 మీటర్లు, అంటే 0.13 ఓమ్. 8 ఓమ్స్ స్పీకర్‌కి అది 2 శాతం కూడా కాదు. 4 ఓమ్స్ స్పీకర్ అయి, దూరం 10 మీటర్లయితే 2.5 ఎస్‌క్యూ ఎంఎం వేసుకోండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే హౌస్ వైరింగ్ వైరే ఎరుపొకటి, నలుపొకటి తీసుకుని మెలిపెట్టండి. రెండు స్పీకర్లకూ ప్లస్, మైనస్ ఒకేలా కలపండి. ఒకటి తిరగబడితే బేస్ పడిపోతుంది.

అసలు మోసం వేరే చోట ఉంది. చవగ్గా అమ్మే చాలా స్పీకర్ వైర్లు అల్యూమినియం మీద రాగి పూత పూసినవి. అదే సైజు రాగి వైరు కంటే వాటి రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లకు పైనే. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే వదిలేయండి. పైన తెల్లగా ఉండి, గీకితే ఎర్రగా వస్తే అది తగరం పూసిన రాగి, దిగులక్కర్లేదు.

అపోహ: కేబుల్‌కి దిశ ఉంటుంది, బాణం గుర్తు ప్రకారమే కలపాలి.
వాస్తవం: ఆడియో సిగ్నల్ ఏసీ. అటూ ఇటూ పారుతూనే ఉంటుంది. షీల్డును (లోపలి తీగ చుట్టూ ఉండే సన్న పోగుల తొడుగు) ఒక చివరే కలిపిన కేబుళ్లలో మాత్రం ఆ బాణానికి అర్థం ఉంది.

అపోహ: జాక్ సరిపోతే ఏ కేబులైనా ఒకటే.
వాస్తవం: గిటార్ కేబుల్‌కీ స్పీకర్ కేబుల్‌కీ ఒకే పావు అంగుళం జాక్ ఉండొచ్చు, లోపలిది మాత్రం వేరు. గిటార్ కేబుల్‌లో మధ్య తీగ సన్నం, దాని మీదుగా స్పీకర్ పవర్ పంపితే వేడెక్కుతుంది. స్పీకర్ వైరుకు షీల్డు ఉండదు కాబట్టి దాన్ని సిగ్నల్‌కి వాడితే హమ్ము (గుయ్‌మనే శబ్దం) పట్టుకుంటుంది.

అపోహ: బంగారు పూత పిన్ను వేస్తే కేబుల్ గట్టిదే.
వాస్తవం: పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది, మంచిదే. కానీ నా దగ్గరికి వచ్చే కేబుళ్లలో ఎక్కువ భాగం పాడయ్యేది పిన్ను లోపలి అతుకు దగ్గర. ఆర్‌సీఏ పిన్ను (టీవీ, డీవీడీ ప్లేయర్లకు పెట్టే గుండ్రటి పిన్ను) వేసేటప్పుడు ముందు దాని కవరును కేబుల్‌లోకి ఎక్కించండి. ఒక సెంటీమీటరు తొక్క తీసి, షీల్డు పోగులన్నీ మెలిపెట్టి సోల్డర్ పట్టించండి. 25 వాట్ల ఐరన్, ఫ్లక్స్ ఉన్న 60/40 సోల్డర్ సరిపోతాయి. పైపులకు వాడే యాసిడ్ పేస్టు వద్దు, తీగను తినేస్తుంది. ఐరన్‌తో పిన్నునూ తీగనూ వేడి చేసి, సోల్డర్‌ను వాటి మీద కరగనివ్వండి. చల్లారేదాకా చెయ్యి కదపొద్దు. అతుకు నిగనిగలాడాలి. బూడిద రంగులో గరుకుగా ఉంటే మళ్లీ చేయండి. తర్వాత మీటర్‌ని బీప్‌లో పెట్టి కేబుల్‌ని అటూ ఇటూ వంచండి. మధ్య పిన్ను నుంచి అవతలి మధ్య పిన్నుకు బీప్ తెగకూడదు, పిన్నుకూ షీల్డుకూ మధ్య అసలు రాకూడదు.

అపోహ: హమ్ము వస్తే ఎర్త్ పిన్ను విరిచేస్తే సరి.
వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. ఆంప్లిఫయర్‌లో ఇన్సులేషన్ పోయిన రోజు ఆ కరెంటు మైకు పట్టుకున్న మనిషి చేతిలోకి వస్తుంది. మిక్సర్ ఒక గోడ సాకెట్‌లో, ఆంప్లిఫయర్ ఇంకో గోడ సాకెట్‌లో పెడితే రెండు ఎర్తుల మధ్య ఉన్న చిన్న వోల్టేజీ తేడా వల్ల కేబుల్ షీల్డు గుండా కరెంటు పారుతుంది. ఆ హమ్ము అదే. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. కుదరకపోతే మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు (మైకులకు వాడే మూడు పిన్నులవి) ఉంటే బ్యాలెన్స్‌డ్ కేబుల్ (షీల్డు కాక సిగ్నల్‌కి రెండు తీగలున్నది) చేసుకోండి: పిన్ను 1 షీల్డు, 2 హాట్ (సిగ్నల్ ప్లస్), 3 కోల్డ్ (సిగ్నల్ మైనస్).

అపోహ: హార్న్ దూరంగా ఉంటే పెద్ద ఆంప్లిఫయర్ కావాలి.
వాస్తవం: చిత్తూరు వైపు పల్లెల్లో భారతం జరిగే రోజుల్లో మధ్యాహ్నం హరికథ, రాత్రంతా నాటకం. హార్న్ ఊరి చివర కడతారు. 100 మీటర్ల దూరానికి 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు లాగితే పోను రాను 2.66 ఓమ్స్. 8 ఓమ్స్ హార్న్‌ని నేరుగా కలిపితే పవర్‌లో పావు వంతు వైరులోనే పోతుంది. అదే వైరు మీద 100 వోల్టుల లైన్ (వోల్టేజీ పెంచి, కరెంటు తగ్గించి పంపే పద్ధతి) వాడితే, 30 వాట్ల హార్న్‌కి 0.3 ఆంపియర్లే పారుతుంది, నష్టం ఒక శాతం లోపే. అయితే హార్న్‌లో ఆ వోల్టేజీని తిరిగి దించే లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది. పైగా ఆ లైన్ షాక్ కొడుతుంది కాబట్టి, అతుకులకు ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టి పిల్లల చేతికి అందనంత ఎత్తులో కట్టండి.