ట్యాగ్ ఎంతవరకు సాక్షి? నికెల్ కాలమ్ వివాదం వెనుక రెండేళ్ల కథ

నీటి ఎద్దడి వేళ వేరుశనగ మొక్కలో ఇతర జన్యువులను పనిలోకి దింపే ఒక ప్రోటీన్‌పై అనంతపురంలో తయారైన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని బయటి పరీక్షకుడు సవరణల కోసం తిప్పి పంపడంతో, ఈ ప్రాంతపు జీవరసాయన ప్రయోగశాలల్లో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది. ప్రోటీన్‌కు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఆరుసార్లు వచ్చే ట్యాగ్ (అదనపు తోక) తగిలించి, ఆ తోకను పట్టుకునే నికెల్ పూసలు నింపిన గొట్టం, అంటే నికెల్ కాలమ్‌పై ఒక్క విడతలో పట్టి, ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద ఒకే బ్యాండు (గీత) చూపించి, అది డీఎన్‌ఏలోని ఫలానా చోటును గుర్తుపడుతుందని తేల్చేస్తే సరిపోతుందా అన్నది ఆ ప్రశ్న. కడపలో, కర్నూలులో కూడా ఇదే పద్ధతిని నమ్ముకుని పనిచేస్తున్న విద్యార్థులు ఉన్నారు కనుక ఇది ఒక్క గ్రంథంతో ముగిసే మాట కాదు.

జన్యువుల నియంత్రణను వివరించిన జాకబ్, మోనాడ్‌ల ఒపెరాన్ సిద్ధాంతాన్ని, 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ లాక్ రిప్రెసర్ అనే నియంత్రక ప్రోటీన్‌ను వేరుచేసిన సంగతిని ఇక్కడ తిరిగి చెప్పనక్కర లేదు. అవి డిగ్రీ పాఠాల్లోనే ఉన్నాయి. నేటి తగాదాకు బీజం 1986కూ 1988కూ మధ్య పడింది.

జన్యువులను నియంత్రించే ప్రోటీన్లు కణంలో అత్యల్పంగా ఉంటాయి. బర్కిలీలో రాబర్ట్ టిజియన్ బృందం 1983లోనే ఎస్‌పీ1 అనే అటువంటి ప్రోటీన్‌ను గుర్తించినా, దాన్ని శుద్ధంగా చేతికి తెచ్చుకోవడం మరో మూడేళ్లకు గానీ కుదరలేదు. 1986లో జేమ్స్ కడొనాగా, టిజియన్ కలిసి ప్రకటించిన ఉపాయం చూడటానికి చాలా తేలిక. ఆ ప్రోటీన్ పట్టుకునే డీఎన్‌ఏ వరుసను కృత్రిమంగా తయారుచేసి, ఆ ముక్కలను ఒకదానికొకటి అతికించి, కాలమ్‌లో నింపే సెఫరోజ్ అనే పదార్థపు పూసలకు కట్టిపడేశారు. కొంతవరకు శుద్ధిచేసిన కణసారంలో ముందుగానే వేరే డీఎన్‌ఏను కలిపి, ఆ మిశ్రమాన్ని పూసల మీదుగా పోనిచ్చారు. ఏ డీఎన్‌ఏనైనా పట్టుకునే ప్రోటీన్లు ఆ కలిపిన దానికి అంటుకుని కొట్టుకుపోగా, తన వరుసను మాత్రమే వెతుక్కునే ప్రోటీన్ పూసలకు చిక్కింది. అలా రెండు విడతల్లో ఎస్‌పీ1 శుద్ధత 500 నుంచి 1000 రెట్లు పెరిగి, సుమారు 90 శాతానికి చేరింది. దిగుబడి 30 శాతం.

ఈ పద్ధతిలో శుద్ధి, పరీక్ష వేరువేరు పనులు కావు. కాలమ్‌కు చిక్కి బయటికి వచ్చిందంటేనే ఆ ప్రోటీన్ తన పని చేసి చూపించినట్టు. తప్పుగా ముడుచుకుని ముద్దకట్టినది, పట్టు పోయినది అక్కడిదాకా రాలేదు. పరీక్షకుడి అభ్యంతరమంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతున్నదని, ఆయన నివేదికను చదివినవారికి అర్థమవుతుంది.

అయితే శుద్ధమైన ఆ ప్రోటీన్ నుంచే 1987లో ఎస్‌పీ1 జన్యువును పట్టుకోగలిగారు. ప్రోటీన్ నుంచి జన్యువుకు సాగిన ఆ దారి త్వరలోనే తలకిందులైంది. జన్యువే ముందుగా చేతిలో ఉంటే, దానికి మనకు కావలసిన పిడిని, అంటే ట్యాగ్‌ను, తగిలించి బ్యాక్టీరియాలో తయారు చేయించవచ్చు. 1988లో స్విట్జర్లాండ్‌లోని రోష్ సంస్థ శాస్త్రవేత్త హోఖూలీ బృందం హిస్టిడిన్ల ట్యాగ్‌ను నికెల్ పట్టుకునే తీరును, మెల్‌బోర్న్‌లో స్మిత్, జాన్సన్ జీఎస్‌టీ అనే ప్రోటీన్‌నే పిడిగా వాడే ట్యాగ్‌ను ప్రకటించారు. ఎనిమిది అమైనో ఆమ్లాల ఫ్లాగ్ ట్యాగ్ కూడా ఆ ఏడాదిదే. వారాల పని ఒక పూటకు దిగింది. కానీ కాలమ్ ఇప్పుడు పిడిని మాత్రమే చూస్తుంది. పిడి వెనుక ఉన్న కత్తికి పదునుందో లేదో దానికి తెలియదు.

ఇందులోని చిక్కులు ఊహాజనితం కావు. డీఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్ బ్యాక్టీరియా కణంలోనే అక్కడి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తునకలను పట్టుకుని కాలమ్ దాకా వస్తుంది. జెల్‌కు వేసే కూమాసీ రంగు ప్రోటీన్‌నే చూపుతుంది కాబట్టి జెల్ మీద ఆ తునకలు కనిపించవు. 260, 280 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ నిష్పత్తి శుద్ధ ప్రోటీన్‌కు 0.6 దరిదాపుల్లో ఉండాలి. 1 దాటితే ఆ తునకలు కలిసి ఉన్నాయని అనుమానించాల్సిందే. ఉప్పు సాంద్రత పెంచి కడగడం, డీఎన్‌ఏను పోలిన ఆవేశం గల హెపారిన్ అనే పదార్థపు కాలమ్ మీదుగా పోనివ్వడం దీనికి వాడుకలో ఉన్న విరుగుళ్లు. ఇక ఈ ప్రోటీన్లను తయారుచేయించే బ్యాక్టీరియా ఈ.కోలై సొంత ప్రోటీన్ అయిన ఎస్ఎల్‌వైడీ హిస్టిడిన్లు అధికంగా కలిగి, పిలవకుండానే నికెల్‌కు అంటుకుంటుంది. జీఎస్‌టీ విషయంలో చిక్కు మరొకటి: 26 కిలోడాల్టన్ల ఆ ట్యాగ్ స్వభావరీత్యా జంటకడుతుంది కనుక, ఒంటరిగా పనిచేసే ప్రోటీన్‌ను కూడా జతగా నిలబెడుతుంది.

విద్యార్థి పరిశోధనను నడిపించిన గైడ్ పక్షం వాదనలోనూ పస లేకపోలేదు. ఆరు హిస్టిడిన్లు కలిసి ఒక కిలోడాల్టన్ కూడా తూగవని, చాలా ప్రోటీన్లలో వాటి వల్ల తేడా రాదని, ట్యాగ్‌ను కోసే ఎంజైమ్ ఖరీదు చిన్న ల్యాబులకు భారమని వారంటున్నారు. 1986 పద్ధతికి ప్రోటీన్ గుర్తుపట్టే డీఎన్‌ఏ వరుస ముందే తెలిసుండాలన్నదీ నిజమే.

కానీ ట్యాగ్‌ను వాడినవారందరూ ఆ పాత ప్రశ్నను వదిలేయలేదు. కరవుకు స్పందించే డీఆర్‌ఈబీ ప్రోటీన్లను 1998లో వెల్లడించిన జపాన్ బృందం జీఎస్‌టీ ట్యాగ్‌నే వాడింది. అయినా డీఎన్‌ఏ వరుసలో అక్షరాలను మార్చిన ముక్కలతో పోటీ పెట్టి, ప్రోటీన్ ఎక్కడ పట్టు వదులుతుందో చూపింది. ఆ కుటుంబపు జన్యువునే, డీఆర్‌ఈబీ1ఏను, తరువాత మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వేరుశనగలో ప్రవేశపెట్టింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వానతో కదిరి-6 రకం వేరుశనగ పండించే అనంతపురం నేలలో ఈ ప్రోటీన్లపై ఆసక్తి ఎందుకో వేరే చెప్పాలా? 1999లో హైడెల్‌బర్గ్‌లో రూపొందిన ట్యాప్ ట్యాగ్ సైతం ఒక్క పిడిని నమ్మకుండా, రెండు పిడులతో రెండుసార్లు పట్టే ఏర్పాటే.

పరీక్షకుడు అడిగినవి మూడు: శోషణ నిష్పత్తి, మార్చిన వరుసతో పోటీ పెట్టిన జెల్ షిఫ్ట్ (ప్రోటీన్ డీఎన్‌ఏను పట్టిందో లేదో జెల్‌లో చూపే పరీక్ష), ట్యాగ్ కోసేసిన ప్రోటీన్‌తో అదే పరీక్ష. మొదటిది ఒక పూట పని. రెండోదానికి ఒలిగోలు, అంటే కృత్రిమ డీఎన్‌ఏ ముక్కలు, ఆర్డరు పెట్టారు. మూడోదానికే గైడ్ ఇంకా ఒప్పుకోలేదు.