ఎంత చల్లగ చేసినా గడ్డకట్టనిది

బిడ్డలారా,

పాలమూరు ఎండలకు తాళలేక ఐసుగడ్డలు తీసుకుంట మీల చిన్నది అడిగింది: “తాతా, ఎంత చల్లగ చేసినా గడ్డకట్టనిది ఏదన్న ఉంటదా?” మంచి ప్రశ్న. హీలియం ఉంది, మామూలు ఒత్తిడిల అది ఎప్పటికీ ద్రవమే. ఇంకోటి ఇంతకన్న విచిత్రం. పైకి గట్టి రాయే, దాని లోపలి అయస్కాంతం మాత్రం గడ్డకట్టదు.

ఆ రాయి పేరు హెర్బర్ట్‌స్మిథైట్, అందుల రాగి, జింకు ఉంటయి. ఒక్కో రాగి అయాన్ (విద్యుదావేశమున్న రాగి పరమాణువు) ఒక చిన్న అయస్కాంతం. మామూలు పదార్థాలల్ల చల్లబడంగనే ఇట్లాంటివి ఒక వరుసకొచ్చి నిలిచిపోతయి, అదే అయస్కాంతం గడ్డకట్టుడు. ఇక్కడెందుకు నిలువవో చింతగింజలతోని తెలుసుకోవచ్చు.

ఒకదిక్కు అరగదీసి తెల్లగ చేసిన గింజలు తెచ్చుకోండ్రి. ఒక్కో గింజ ఒక రాగి అయస్కాంతం అనుకోండ్రి, రంగు అది చూసే దిక్కు. పక్కపక్క అయస్కాంతాలు ఎదురెదురు దిక్కులు చూడాలనుకుంటయి గనుక గీత కలిపిన రెండు గింజలు వేరువేరు రంగుండాలె, అంతే నియమం. చతురస్రం మూలలల్ల సులువుగ కుదురుతది. త్రిభుజంల ఒకటి తెలుపు, ఒకటి నలుపు పెట్టినంక మూడోదాన్ని ఎటు తిప్పినా ఒక గీత చెడుతది. ఇప్పుడు ఆరు భుజాల బొమ్మ గీసి, ప్రతి భుజం మీద బయటికి ఒక త్రిభుజం గీయండ్రి. 12 మూలలు, 18 గీతలు. గింజలు పెట్టే 4096 తీర్లల్ల 730 తీర్లు సమానంగ మంచివి, వాటిల కూడ 6 గీతలు చెడాల్సిందే. రాయిల రాగి ఈ బొమ్మనే అంతులేకుండ పరుచుకుంది. ఏ అమరిక మీద నిలవాలె? గింజ ఒకపారి ఒక రంగే చూపుతది. రాగి అయస్కాంతాలు ఎన్నో అమరికలను ఒక్కపారే కలుపుకొని ఉండగలవు! త్రిభుజాల పొందికల ఇట్లాంటి స్థితి ఉండొచ్చని 1973ల భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ చెప్పిండు. దాన్ని క్వాంటమ్ స్పిన్ లిక్విడ్ అంటరు.

పరీక్షకు గొప్ప చలి కావాలె. దాన్ని కెల్విన్లల్ల కొలుస్తరు, సున్నా కెల్విన్ అంటే అంతకన్న చల్లగ ఏదీ కాలేని హద్దు. హీలియంల తేలిక రకం హీలియం-3, బరువు రకం హీలియం-4, వీటి మిశ్రమం 0.87 కెల్విన్ కింద రెండు పొరలైతది. పై పొరల హీలియం-3 కింది పొరలకు దిగేటప్పుడు వేడి పీల్చుకుంటది. అట్ల కెల్విన్‌ల వందో వంతు దాకా పోవచ్చు. కాని థర్మామీటర్ చల్లబడ్డా రాయి చల్లబడకపోవచ్చు, ఇసొంటి రాళ్లల్ల వేడి సరిగ పారదు. అందుకే రాయి పొడిల వెండిపొడి కలిపి బిళ్లగ ఒత్తుతరు.

తర్వాత మ్యుయాన్లను లోపలికి పంపుతరు. సగటున 2.2 మైక్రోసెకండ్లు బతికే కణాలవి, ఒక్కోటి తనూ ఒక చిన్న అయస్కాంతమే. లోపలి అయస్కాంతాలు గడ్డకడితే మ్యుయాన్ ఒక లయల తిరుగుతది. ఈ రాయిల 0.05 కెల్విన్ దాకా ఆ లయ కనిపించలే. రాగి అయస్కాంతాలు ఒకదాన్నొకటి తిప్పే బలమేమో, వేడి లెక్కల చెప్తే, దాదాపు 190 కెల్విన్ అంత!

తొందరపడి నమ్మొద్దు. జింకు ఉండాల్సిన చోట్ల దాదాపు 15 శాతం రాగి చేరుతది. బాగా చల్లబడ్డప్పుడు ఆ దారి తప్పిన రాగి అయస్కాంతాలే గట్టిగ స్పందించి అసలు సంగతిని కప్పేస్తయి. న్యూట్రాన్లనే కణాలను పంపి లోపల చూడాలంటే రాయిల ఉండే హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) పెట్టి రాయిని తయారుచేయాలె, లేకుంటే హైడ్రోజన్ న్యూట్రాన్లను నలుదిక్కులా చెదరగొడుతది. ఈ స్థితిని కదిలించటానికి కనీసం ఇంత శక్తి కావాలా, అక్కరలేదా అన్నది ఇప్పటికీ వాదమే.

ఎండ దిగినంక వాకిట్ల ఆ బొమ్మ గీయండ్రి. 730ల ఒక్కటి కుదిరినంక, తిప్పినా చెడ్డ గీతల లెక్క మారని గింజ ఎక్కడుంటదో వెతుకుండ్రి. పక్క గింజలు ఏ రంగుల మీదున్నయో రాసి నాకు పంపుండ్రి.

మీ తాత